పిలిస్తే పలికే డిపో

"రామ్‌చందరూ... ఓ రామ్‌చందరూ..."

మా వదినె నాగక్క రెండోసారి పిలవంగనే నేను ఉరికిపోయి ఆమె నోరు మూసిన.

"వదినె, నీకు దండం పెడత. ఇక్కడ పేరు పెట్టి పిలవొద్దు!"

ఎందుకంటే అది కలప డిపో. అశ్వారావుపేట దాటినంక, పామాయిల్ తోటలు అయిపోయి అడివి మొదలయ్యేకాడ, రోడ్డుకు లోపలగా ఒక పెంకుల బంగ్లా. డిపో ఎత్తేసి పదిహేనేండ్లయింది. అప్పట్లో అక్కడి వాచ్‌మెన్ దూలయ్య భార్యను పాము కరిచిందట. రాత్రంత మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిందట... ఆయన తాగి లారీ కింద పండుకొని పలకలేదట. అప్పటిసంది ఆ బంగ్లా ముంగట రాత్రిపూట ఎవల పేరు పిలిచినా — లోపలినుంచి ఆమే పలుకుతదట.

అప్పటిదాక ఇది వట్టి మాటే. కానీ 2006 ఎండాకాలం, ఆ ఒక్క వారం... ఊరంత విన్నది. నడిరాత్రి డిపో దిక్కునుంచి ఒక ఏడుపు. సన్నగా మొదలై, పెరిగి పెరిగి, మబ్బుల దాక పోయి అక్కడనే నిలబడ్డట్టు. మనిషైతే మధ్యలో ఊపిరి తీసుకోవాలె కదా... అది తీసుకునేది కాదు. ఠక్కున ఆగేది. మళ్ళ మొదలయ్యేది. అందరూ కిటికీలు బిగించుకొని పండుకున్నరు. నేనైతే... సరే, నా సంగతి తర్వాత.

అసుంటి చోటికి ఇద్దరం ఆడోళ్ళం ఎందుకు పోయినం? రామ్‌చందర్ బావ కోసం.

బావ మా వదినెకు సొంత తమ్ముడు. కొత్తగూడెంలో బొగ్గు గనికి పోయేటోళ్ళ ఇంట్లో పుట్టి, వినాయకుని పందిట్లో గిటార్ పట్టి, హైదరాబాద్ పోయి దోస్తులతోటి రాక్ బ్యాండ్ పెట్టిండు. భుజాల దాక జుట్టు! ఇంజనీరింగ్ కాలేజీల్లో స్టేజీ ఎక్కితే పోరగాళ్ళు కుర్చీల మీద నిలబడి ఎగిరేటోళ్ళట. తర్వాత డ్రమ్స్ కొట్టే ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, బ్యాండ్ పోయింది. బావ స్టూడియోల్లో చేరిండు. ఎవరి పాటకు పిలిస్తే ఆ పాటకు పోయి వాయించి వచ్చుడే పని. తెర మీద హీరో గిటార్ పట్టుకొని ఊగుతడు, వినపడే వేళ్ళు మాత్రం బావవి. క్యాసెట్ మీద పేరుండదు. చెవులకు హెడ్‌ఫోన్, ఎదురుగా స్టూడియో గాజు గోడ, కండ్లు మూసుకొని బావ... తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జల్లుమనేది.

రెండేండ్ల కింద వచ్చిన ఒక పాటలో పద్దెనిమిది సెకండ్ల గిటార్ బిట్ బావదేనని మాకందరికీ తెలుసు. తెలవకుండా వదినె ఉండనిస్తదా! బస్సులో ఆ పాట వస్తే లేచి నిలబడేది.

"డ్రైవరన్నా, సౌండ్ పెంచు! ఎవలూ మాట్లాడకుండ్రి! గిది నా తమ్ముడు!"

సత్తుపల్లి బస్సులో ఒక ముసలాయన ఆ పద్దెనిమిది సెకండ్లలో దగ్గిండని, దిగేదాక ఆయన దిక్కు గుర్రుగా చూసింది.

తెల్లారితే పెనుబల్లిలో మా ట్రాక్టర్ డ్రైవర్ వీరబాబు చెల్లె పెండ్లి. "నా తమ్ముడు సెలవు మీద వచ్చిండు. స్టేజీ మీద ఆ బిట్ వాయిస్తడు" అని వదినె వారం కిందనే మాటిచ్చేసింది. ఆ మాట విన్నప్పటినుంచి బావకు తిండి సయించలేదు. పొద్దుగూకంగనే ఎటో పోవుడు, ఏ తొమ్మిదింటికో వచ్చి మొద్దు లెక్క పండుకునుడు. ఆ రాత్రి పదకొండైనా రాలేదు. "డిపో దిక్కు పోతుంటే చూసిన" అన్నడు వీరబాబు. తోడు రమ్మంటే పెండ్లి పనులు గుర్తొచ్చినయ్ ఆయనకు.

అట్ల పోయినం... వదినె, నేను, ఒక టార్చ్ లైటు.

"పలికితే పలకనీయ్ పిల్లా, నాకేం భయం?" అని వదినె నా చెయ్యి తీసేసింది. "రామ్‌చందరూ!"

చప్పుడు లేదు. పామాయిల్ మట్టలు సుత కదలలేదు...

పక్క తోటలో ధడ్ మని ఏదో కొట్టుకున్నది. నీళ్ళు బుస్సుమన్నయ్. ఆ వెంటనే —

బంగ్లా పలికింది.

ఊఁ... ఊఁఊఁ... అని. పెరిగి, పెరిగి...

వదినె నా కొంగు పట్టుకున్నది. "వనజా... ఉరుకుదమా?"

"కాళ్ళు వస్తలేవు వదినె."

"నాకూ..."

ఎట్లనో తలుపు సందులోంచి టార్చ్ కొట్టిన. చీకట్లో ఒక ఎర్ర కన్ను. దాని మీదికి ఒరిగి — బావ గిటార్! పక్కన మనిషి లేడు. చెయ్యి లేదు. తీగెలు వాటంతటవే వణుకుతున్నయ్... ఏడుస్తున్నయ్...

"నా తమ్ముణ్ణి మింగింది రో!" వదినె కూలబడ్డది.

అప్పుడే వెనక అడుగులు. ఎండుటాకుల మీద... ఉరికి వస్తున్న అడుగులు.

"ఎవర్రా అది... నా గిటార్ వాయించేది?"

టార్చ్ తిప్పిన. బావ! మెడలో హెడ్‌ఫోన్, భుజానికి సంచి. మాకంటే ఆయనే ఎక్కువ జడుసుకున్నడు.

గోడ పట్టుకొని లోపలికి పోయి, ఎర్ర కన్ను కాడ ఏదో నొక్కిండు. ఏడుపు ఠక్కున ఆగింది. కాసేపు అట్లనే చూసి, నెత్తి కొట్టుకొని నవ్వుడు మొదలుపెట్టిండు.

ఆ ఎర్ర కన్ను గిటార్ సౌండ్ బాక్స్ లైటు. పక్క తోట బోరు మోటారు కాడినుంచి వైరు గుంజుకొని, సాయంత్రం సాయంత్రం ఇక్కడ వాయించుకుంటున్నడు. స్టూడియో అలవాటు కదా, హెడ్‌ఫోన్ పెట్టుకునే వాయిస్తడు, బయటికి వినపడదు. పొలాల కరెంటు పోంగనే హెడ్‌ఫోన్ పీకి మెడలో వేసుకొని, గిటార్‌ను బాక్స్‌కు ఆనిచ్చి, స్విచ్ బంద్ చెయ్యకుండా ఇంటికొచ్చేటోడు. నడిరాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంటే, వచ్చినప్పుడల్లా మోటారు లేచేది, బాక్స్ కూడా లేచేది. ఇప్పుడు హెడ్‌ఫోన్ లేదాయె! బాక్స్ చప్పుడుకు తీగెలు వణికి, ఆ వణుకు మళ్ళ బాక్స్‌లోకి పోయి... అదీ మా దెయ్యం.

"ఏడేండ్లు స్టూడియోల చేసి స్విచ్ బంద్ చేసుడు రాదారా నీకు?" వదినె కొంగుతో మొఖం తుడుచుకున్నది.

"ఆడ వేరేటోళ్ళు బంద్ చేస్తరక్కా."

ముగ్గురం పడీ పడీ నవ్వినం. నవ్వుతూనే వదినె ఆగింది.

"సంచెందుకురా?"

బావ సంచిని వెనక్కి జరుపుకున్నడు.

"రోడ్డు మీదినుంచి ఉరికొచ్చినవ్. హైదరాబాద్ బస్సు కోసమేనా? గిటార్ సుత ఇక్కడ వదిలేసి? తెల్లారితే పెండ్లి పెట్టుకొని?"

బావ హెడ్‌ఫోన్ వైరును వేలికి చుట్టిండు... విప్పిండు... మళ్ళ చుట్టిండు.

"ఆ బిట్ నాది కాదక్కా."

"ఏందీ?"

"పదకొండుసార్లు వాయించి ఇచ్చిన. నచ్చలేదు, పొమ్మన్నరు. నేను వచ్చినంక కీబోర్డ్ ఆయన మీటలు నొక్కి చేసిండు. క్యాసెట్ల ఉన్నది అసలు గిటారే కాదు. నేర్చుకుందమని వారం సంది చూస్తున్న... వస్తలేదు. సెలవు గిలవు ఏం లేదక్కా. ఈ ఏడాది నన్ను ఒక్కడు సుత పిలవలేదు."

వదినె లేచి నిలబడ్డది.

"అయితే బస్సులల్ల నేను కొట్లాడింది ఎవని కోసంరా?" అన్నది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో చీకట్లో తెలవలేదు. సంచి పట్టీని మాత్రం గట్టిగా పట్టుకున్నది.

బావ వంగి గిటార్ వైరు పీకబోయిండు. నాకేమైందో ఏమో...

"ఆగు బావా!"

ఇద్దరూ నా దిక్కు తిరిగిండ్రు. టార్చ్ ఆర్పేసిన, నా మొఖం కనపడొద్దని.

"ఆ క్యాసెట్ బిట్ నాకు ఎన్నడూ నచ్చలేదు. వదినె బాధపడుతదని బాగుంది బాగుంది అన్న. రేపు స్టేజీ మీద ఇది వాయించు బావా... ఈ ఏడుపు. ఊరంత కిటికీలు మూసుకుంటే నేను తెరుచుకొని కూసున్న. ఏడు రాత్రులు. ఇంత మంచిగ పాడే దెయ్యం వచ్చి నా పేరు పెట్టి పిలిస్తే... పలికి, దాని వెంట పోదామనుకున్న బావా."