దుప్పటి కొసలు

ఆస్పత్రి లాండ్రీలో మూడు మూటలు అయ్యాయి. ఇంకా నాలుగున్నాయి. అమ్మ బల్లకి నడుం ఆనించి, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుంది. టీ తాగడానికిచ్చే పావుగంటే ఆమె చదువుకునే వేళ.

బడి సంచీ అయినా దించకుండా పక్కనే నిలబడింది పంతులమ్మ. నిజానికి ఆరో తరగతి పిల్ల. అమ్మ కూతురు. కనిపించిన ప్రతి బోర్డులో తప్పులు పడుతుందని లాండ్రీ వాళ్ళంతా ఆ పేరు ఖాయం చేసేశారు.

రేపు పొద్దున అమ్మకి ఇంగ్లీషు పరీక్ష. పాసైతే ఆస్పత్రి స్టోర్ రూములో పని. అక్కడ ఇంగ్లీషులో రిజిస్టరు రాయాలి గానీ తడి మూటలు మొయ్యక్కర్లేదు. నాలుగు నెలలుగా అమ్మ నడుం వంగనని మొరాయిస్తోంది.

"ఇదేంటమ్మా, నర్సుకి మళ్ళీ 'ఇట్' రాశావు?" ఎర్ర పెన్నుతో ఒక ఇంటూ పడింది.

"నర్సు వచ్చింది అంటాం, మూట వచ్చింది అంటాం. మనకి రెండూ ఒకటేగా," అంది అమ్మ కళ్ళు నులుముకుంటూ.

"ఇంగ్లీషులో కాదు. ఈ నర్సుకి 'షీ'. మూటకి 'ఇట్'. మూటలు చాలా ఉంటే 'దే'. ముందు ఏ మాట రాశావో చూసి, దానికి తగ్గది రాయాలి."

అమ్మ మూటల గురించి రాసింది. చివర మళ్ళీ 'ఇట్' వచ్చి కూర్చుంది. ఇంకో ఇంటూ. పేజీ అంతా ఎర్రబడింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? మా క్లాసులో వెనకబెంచీ వాళ్ళకి కూడా వచ్చు."

అమ్మ నోట్‌బుక్ మూసేసింది. "నాకింక రాదులే. రేపు వెళ్ళను," అని లేచింది.

పంతులమ్మ ఎర్ర పెన్నుకి మూత పెట్టేసింది.

దుప్పట్లు మడవడానికి అమ్మకి జోడీగా ఉండే ఆవిడ ఆ రోజు రాలేదు. "ఓ చెయ్యి వెయ్యవే," అంది అమ్మ. ఆ గొంతులో కోపం లేదు, అలుపే ఉంది.

ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. మడిచి చూస్తే ఒక కొస కిందికి వేలాడుతోంది.

"మళ్ళీ విదిలిద్దాం," అంది అమ్మ.

రెండోసారి మడత వంకర పోయింది. "మళ్ళీ విదిలిద్దాం."

మూడోసారి దుప్పటి పిల్ల చేతిలోంచి జారి నేలమీద పడింది. ఉతికిన దుప్పటి. ఇక తిట్లు తప్పవనుకుంది.

అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వంగింది. దాన్ని తీసి మాసిన బట్టల బుట్టలో వేసి, ఇంకొకటి అందుకుంది. "నీ కొస ఒక్కటే చూసుకుంటే చాలదు. నా చేతిలో కొస ఎక్కడుందో చూసి, దానికి నీది కలుపు. మళ్ళీ విదిలిద్దాం."

నాలుగోసారి కొసలు కలిశాయి. పంతులమ్మకి సంతోషం కలగలేదు, సిగ్గేసింది. అమ్మ ఒక్కసారైనా ఎన్నిసార్లు చెప్పాలని అడగలేదు.

మూటలన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. స్టాపులో బెంచీ మీద అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. పంతులమ్మ ఎర్ర పెన్ను సంచీ అడుక్కి తోసి, ఒక పెన్సిలు, రబ్బరు తీసింది. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఒక్క వాక్యం రాయమ్మా."

అమ్మ కూతురి మొహం చూసి, నెమ్మదిగా రాసింది. మూటలు బాగానే వచ్చాయి. వాటి వెనకాలే 'ఇట్' కూడా వచ్చింది. అమ్మ చెయ్యి ఆగిపోయింది.

పంతులమ్మ ఆ ఒక్క మాటనే రబ్బరుతో మెల్లగా తుడిచింది.

"మళ్ళీ విదిలిద్దాం," అంది.

అమ్మ అంత అలసటలోనూ నవ్వి, పెన్సిలు సరిగా పట్టుకుంది.