గోనెలు మడతపెట్టిన చెయ్యి

ఆ గదికి పేరంటూ లేదు. ‘వెనక గది’ అనేవాళ్లు, అంతే. పొద్దు వాలాక ఆ మాట కూడా ఎవరూ అనేవాళ్లు కాదు.

గురజాల తాలూకాలో, మాచర్ల రోడ్డు పక్కనున్న ఒక ఊళ్లో, ఆడపిల్లల హైస్కూలు వెనక కంపచెట్ల మధ్య ఉండేదది. నాపరాతి గోడలు. రెండు నిలువుల ఎత్తున కప్పు. ఎప్పుడో కలరా వచ్చిన ఏడు ఒక బాలింతను అందులో పెట్టి బయట గొళ్లెం బిగించారట. రాత్రంతా లోపల్నుంచి జోలపాట వినపడిందట… తెల్లవారుజామున ఆగిపోయిందట.

అప్పట్నుంచి — రెండో ఆట సినిమా చూసి అడ్డదారిన ఇళ్లకు పోయేవాళ్లకు — ఆ గదిలోంచి ఆడగొంతు వినపడేది. ఒకరికి కాదు, ఇద్దరికి కాదు. విన్నవాళ్లలో తాగినవాళ్లున్నారు, తాగనివాళ్లూ ఉన్నారు.

స్కూలు ఆయా గ్రేసమ్మ కొత్తగా వచ్చిన ప్రతి టీచరుకీ ఈ సంగతి చెప్పి, మసక పడ్డాక అటు పోవద్దని మరీ మరీ చెప్పేది.

అలాంటి గదిని సంగీతం టీచరు దయామణికి ఇచ్చారు.

ఇది అరవై నాలుగులో జరిగింది. చాన్నాళ్ల తర్వాత దయామణి నోటివెంట విన్నవాళ్లు నాకు చెప్పారు.

దయామణికి అప్పటికి నలభై మూడేళ్లు. తొమ్మిదేళ్లుగా ఆ స్కూల్లో సంగీతం చెబుతోంది — గదిలో కాదు, వరండాలో. ఇటు లెక్కల క్లాసు, అటు భూగోళం. పిల్లలు గొంతెత్తితే చాలు, ఎవరో ఒక టీచరు బయటికొచ్చి, కాస్త మెల్లగా అన్నట్టు చెయ్యి ఊపేది. మెల్లగా పాడీ, పాడించీ, చివరికి ఆవిడ గొంతే సన్నబడిపోయింది. పై స్థాయి అందుకోబోతే జీర వచ్చేది. గది కావాలని ఏటా ఒక అర్జీ పెట్టేది. ఏటా అది ఎటో పోయేది. ఈమధ్య అర్జీ రాసే ఓపిక కూడా పోయింది.

అంతలో సాగర్ ప్రాజెక్టులో పనిచేసి బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు, తన పాత టేపు రికార్డరూ మైకూ స్కూలుకి ఇచ్చిపోయాడు. పిల్లల పాట పట్టి, వాళ్ల తప్పు వాళ్లకే వినిపించే మిషను. చుట్టుపక్కల ఏ స్కూల్లోనూ అలాంటిది లేదు. హెడ్‌మిస్ట్రెస్ శేషారత్నం గారు పూర్తిగా సంబరపడకముందే పైనుంచి కాగితం వచ్చింది. సోమవారం ఇన్‌స్పెక్ట్రెస్ వస్తారు. మిషను ఒక గదిలో పెట్టి, పనిచేస్తూ కనపడితే ఉంచుతారు. లేకపోతే నరసరావుపేట పంపిస్తారు. సంగీతం పోస్టు ఉండాలో అక్కర్లేదో కూడా ఆ రోజే తేలుస్తారు.

ఖాళీగా ఉన్నది వెనక గది ఒక్కటే.

భయమా అని శేషారత్నం గారు అడిగితే, “భయపడే ఓపిక లేదండి,” అంది దయామణి.

పెళ్లిళ్లకీ ఉరుసులకీ మైకులు పెట్టే జమాల్ వచ్చి వైర్లు లాగాడు. బల్ల వేసి దాని మీద మిషను పెట్టాడు. మైకు లేకుండానే ఒక కేక వేసి చూశాడు — ఆ కేక నాలుగుసార్లు తిరిగొచ్చింది. మాట మింగే గోడలు కావివి, కక్కే గోడలన్నాడు. ఇట్లా ఉంటే టేపు మీద అంతా గోలే పడుతుంది, గోనెలు వేలాడదీస్తే తప్ప లాభం లేదన్నాడు.

పత్తి కొట్ల నుంచి పాత గోనెలు తెచ్చారు. బుధవారం సాయంత్రానికి నాలుగు గోడలకీ మేకులు దించి, కప్పేశారు. చప్పట్లు కొడితే చప్పుడు అక్కడే చచ్చిపోయింది. దయామణి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని ఇంటికెళ్లింది.

గురువారం పొద్దున తాళం తీసి చూస్తే —

గోడల మీద గోనెలు లేవు.

గది మధ్యలో, నేల మీద, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అంచుకి అంచు కలిపి… మడతపెట్టి.

మేకులన్నీ పక్కనే కుప్పగా పోసి ఉన్నాయి. వేసిన తాళం వేసినట్టే ఉంది. వెనక తలుపుకి అడ్డంగా కొట్టిన పాత పలక కూడా కొట్టినట్టే ఉంది.

జమాల్ కుప్పలోంచి మేకులు ఏరుకున్నాడు. మళ్లీ మేకులు దించాడు. శుక్రవారం పొద్దున మళ్లీ అదే కుప్ప, అదే మడత.

“దెయ్యాలు చించుతయ్, పారేస్తయ్ అని విన్నా,” అన్నాడు జమాల్, గొంతు తగ్గించి. “మడతపెట్టే దాన్ని మాత్రం ఇనలేదు టీచరు గారూ.”

శనివారం పగలు వచ్చి మూడోసారి గోనెలు కట్టాడు. మిషను ఎట్లా నడపాలో దయామణికి చూపించాడు. పొద్దు వాలకముందే సామాను సర్దుకుని, ఇంటి దగ్గర పిల్లలున్నారనీ సోమవారం పగటిపూట వస్తాననీ చెప్పి వెళ్లిపోయాడు.

గ్రేసమ్మ గడప బయటే నిలబడి ఇదంతా చూసింది. అది వద్దంటుంటే ఎందుకమ్మా పట్టుబడతారు అని, చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

మిషను పనిచేస్తుందో లేదో చూడాలంటే పగలు కుదరదు. పగలంతా రైసు మిల్లు మోటారు ఊళ్లో కరెంటునంతా లాగేసేది. రాత్రి తొమ్మిది దాటి మిల్లు ఆగితేనే చక్రాలు సరిగ్గా తిరిగేవి. ఆ శనివారం రాత్రే దయామణి ఒక్కతే వచ్చింది. ముందు తలుపు మూసి లోపల గడియ పెట్టింది.

గోడల మీద గోనెలు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి.

టేపు ఎక్కించింది. బల్బు వెలిగిస్తే మిషను నీరసించేలా ఉంటే బల్బు ఆర్పేసింది. చీకట్లో మిషను మీద ఆకుపచ్చ దీపం ఒక్కటే — శబ్దం వస్తే ముడుచుకుని, ఆగితే విచ్చుకునే చిన్న కన్ను.

మీట నొక్కి పాడింది. రెండు వరుసలు. మూడో వరుసలో గొంతు జీరబోయింది… ఆపేసింది.

చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆపుదామనుకుంది. చెయ్యి లేవలేదు. తల బల్ల మీద ఆనించింది. తొమ్మిదేళ్ల అలసటంతా ఒక్కసారిగా రెప్పల మీద కూర్చున్నట్టయింది.

ఎంతసేపయిందో తెలీదు.

కళ్లు తెరిచేసరికి ఆకుపచ్చ కన్ను ముడుచుకుంది. విచ్చుకుంది. మళ్లీ ముడుచుకుంది.

కిర్ర్…

రాతిలోంచి మేకు ఊడుతున్న చప్పుడు.

ఇంకోటి… ఇంకోటి. తర్వాత గోనె జారిన చప్పుడు, మెత్తగా.

దయామణి తల ఎత్తలేదు. ఊపిరి కూడా పూర్తిగా తీసుకోలేదు. ఎదురుగోడ దగ్గర తెల్లగా ఏదో వంగింది. లేచింది. గోనెను రెండు చేతులా పట్టి దులిపి, అంచుకి అంచు కలిపి మడిచింది. నేల మీద పెట్టింది. ఆ గోడంతా బోడి అయ్యేదాకా అదే పని — తొందర లేకుండా.

తర్వాత ఆ తెల్లటిది రాతిగోడకేసి తిరిగి నిలబడింది…

పాడింది.

‘పొద్దు వాలిపోయె పత్తిచేల మీద, ఇల్లు చేరే దారి యాడుందే కూలమ్మా’ —

చేల పాట. మోటు గొంతు. కానీ రాతికి తగిలి తిరిగొచ్చేసరికి గదంతా నిండి, కప్పుదాకా లేచి, దయామణి వీపు మీద చెయ్యేసినట్టు తాకింది. ఆవిడ తొమ్మిదేళ్లుగా పిల్లల దగ్గర అడిగి అడిగి రాబట్టలేనిది అదే. భయపడాలన్న సంగతి కాసేపు మర్చిపోయింది.

ఒక చరణం అయింది. రెండో చరణం కూడా అయింది.

టప్… టప్… టప్…

టేపు అయిపోయి, దాని కొస మిషనుకి కొట్టుకుంటోంది.

పాట ఆగింది. తెల్లటిది ఇటు తిరిగింది.

దయామణి చెయ్యి వెతుక్కుంటూ పోయి స్విచ్చి వేసింది.

తెల్లచీర. చేతిలో పటకారు. మొహంలో నెత్తుటిచుక్క లేకుండా — గ్రేసమ్మ.

చేతిలోని పటకారు పక్కన పెట్టింది. తర్వాత గ్రేసమ్మ మెల్లగా నేల మీద కూలబడింది. వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. అడ్డంగా ఉన్న పలక తలుపుతోపాటే వచ్చింది. దాని మేకులు ఒకవైపే దిగి ఉన్నాయి, రెండోవైపు ఉత్త తలకాయలే. తలుపు బందులకి చప్పుడు రాకుండా ఆముదం రాసి ఉంది.

“ఎన్నాళ్లనుంచి అవ్వా?” అంది దయామణి.

“పద్దెనిమిదేళ్లు.”

మెల్లమెల్లగా చెప్పింది. చీకట్లో బల్ల మీద వాలి ఉన్న టీచరమ్మను చూడలేదట. చర్చిలో పాటకి నిలబడితే, గొంతు మోటుగా ఉందని పక్కన నిలబెట్టారట. ఇంట్లో కొడుకులూ కోడళ్లూ పిల్లలూ కలిసి పదకొండుమంది, నోరు తెరిస్తే ముసల్దానికి పాటలేందని నవ్వుతారట. ఒకనాడు ఈ గది ఊడుస్తూ కూనిరాగం తీస్తే, గోడ తిరిగి పాడిందట.

“నా గొంతు నాకే తిరిగొచ్చేది టీచరమ్మా. గోనెలు కడితే ఇంక రాదు. అందుకే తీశా. చించబుద్ధి కాలా… బడి సొమ్ము.”

కలరా బాలింత సంగతి నిజమేనా అని అడిగింది దయామణి.

“ఏమో. నేనొచ్చేతలికే చెప్పుకుంటన్నారు. నేను కాస్త పెంచా.”

దయామణికి కోపం రాలేదు. ఎవరూ వినని పాట ఎట్లా ఉంటుందో ఆవిడకి తెలుసు. కాసేపు కూర్చుని, లేచి, పోస్టు ఉంటుందో లేదో సోమవారం తెలుస్తుంది గానీ, ఉంటే ఎదురుగోడ మీద గోనె కట్టనని చెప్పింది. మూడు గోడలు మిషనుకి చాలు. ఆ ఒక్కటీ నీకు అంది. గ్రేసమ్మ కళ్లు తుడుచుకుని, చెదిరిన మేకులు ఏరింది. అంతలో కరెంటు పోయింది. టేపు తిప్పి వినడానికి వీల్లేకపోయింది. లాంతరు వెలుగులో ఇద్దరూ ఇళ్లకెళ్లారు.

సోమవారం శేషారత్నం గారు మిల్లు గోపాలరావుని బతిమాలి గంటసేపు మోటారు ఆపించారు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చి, మూడు గోడల గోనెలూ బోడి గోడా చూసి, ఏదన్నా పట్టింది ఉంటే వినిపించమన్నారు. ఉన్నది శనివారం టేపు ఒక్కటే. దయామణి పెట్టింది.

ముందు తన జీరగొంతు. ఆ తర్వాత ఖాళీ. గోనెలు జారిన చప్పుడు. తర్వాత ఆ పాట.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు కలం కింద పెట్టి, పాట పూర్తిగా అయ్యేదాకా విన్నారు. ఎవరు పాడారని అడిగితే, మా ఆయా అండి అంది దయామణి. ఆవిడ తలూపి కాగితం మీద నాలుగు మాటలు రాసుకున్నారు. మిషను ఇక్కడే ఉంటుందన్నారు. పోస్టూ ఉంటుందన్నారు. శేషారత్నం గారు ఆవిడని కాఫీకి తీసుకెళ్లారు.

దయామణి కుర్చీలో కూలబడింది. సంతోషించడానికి కూడా కొంచెం బలం కావాలి కదా. అది కూడగట్టుకుంటోంది.

గ్రేసమ్మ గడప దాటి లోపలికొచ్చింది. వరండాలో నిలబడి అంతా విన్నట్టుంది. చేతిలో మంచినీళ్ల చెంబు.

“ఎవురమ్మా ఆ పాడింది?”

“నువ్వే అవ్వా. శనివారం రాత్రి.”

“కాదు. అది మా అమ్మ గొంతు.”

దయామణి ఓపిగ్గా నచ్చజెప్పింది. మన గొంతు మనకి బయటినుంచి వినపడితే కొత్తగానే ఉంటుంది. పైగా కరెంటు తగ్గితే చక్రం నిదానంగా తిరుగుతుంది, గొంతు ముసలిదవుతుంది, మిషను చూపిస్తూ జమాల్ చెప్పాడంది.

గ్రేసమ్మ అంతా విన్నది. తల కూడా ఊపింది.

“అయ్యుండొచ్చు టీచరమ్మా. మీరు చదువుకున్నోళ్లు,” అంది నెమ్మదిగా. “కానీ ఆ పాట నాకు రెండు చరణాలే వచ్చు. మూడోది మా అమ్మకే వచ్చు. నేర్పకుండానే పోయింది… ముప్పై రెండేళ్లయింది.”

చెంబు నేల మీద పెట్టింది.

“అందులో మూడో చరణం ఉంది.”

దయామణికి గుర్తొచ్చింది — రెండో చరణం అయిందో లేదో, టేపు కొస టప్ టప్‌మని కొట్టుకోవడం. మూడోది పట్టడానికి టేపే మిగల్లేదు.

మళ్లీ వినిపించమని గ్రేసమ్మ అడగలేదు. చూస్తూ నిలబడింది, అంతే.

దయామణి చెయ్యి మీట దాకా వెళ్లింది…

అక్కడే ఆగిపోయింది.