పూలు పంపుదామా, ముంచుదామా

వాషింగ్టన్‌లో, ప్రెసిడెంట్ భవనం కింది అంతస్తు క్యాంటీన్‌లో బీన్స్ సూప్ జుర్రుతూ గూఢచారి సంస్థ చీఫ్ గార్నెట్ ఎమ్మెట్‌కి పని అప్పగించాడు.

“కొర్వానియా దేశం పడవలో క్షిపణులున్నాయని ఎవరో ఉప్పందించారు. పచ్చి అబద్ధం. అందులో ఉన్నది ముప్పై మంది జాలర్లు, జాలరి వేషంలో మన గూఢచారి రోలండ్. యుద్ధమొస్తే బాగుపడే ఆయుధాల ముఠా పనిది. ఆ ముఠా మనిషి ఇవాళ ప్రెసిడెంట్‌తో మీ మీటింగ్‌లోనే ఉంటారు. ఎవరో తెలీదు. సాక్ష్యం లేదు. ముంచెయ్యమని ఆర్డర్ పడేలోపు, ఎమ్మెట్, కొర్వానియాకి ఒక్క ఫోన్ చేయించు.”

“అంతేనా సార్?”

“అంతే. ఛ, సూప్ చల్లారిపోయింది.”

ఎమ్మెట్ దగ్గర సూదులు చిమ్మే వాచీ, వైర్‌లెస్ బూట్లు, ఏనుగునైనా నిద్రపుచ్చే పెన్ను ఉన్నాయి. రూలు ప్రకారం అన్నీ మీటింగ్ గది బయట సీసం పెట్టెలో పడ్డాయి. వట్టి కాళ్లతో లోపలికెళ్లాడు. తలుపు పడింది. ప్రెసిడెంట్ లేస్తేగాని అది మళ్లీ తెరుచుకోదు.

బల్ల చుట్టూ పెద్దలు, గోడవార స్టాఫ్. గోడ కుర్చీలో ఉన్నవాడు నోరు విప్పకూడదు. తుమ్మినందుకే ఒకణ్ణి అలాస్కా తోలేశారు. ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి ముందుకు పంపాలి.

పక్క కుర్చీలో సలహాదారు గారి కుడిభుజం, ఒడెట్ క్రేన్. ఆమె నవ్వితే రాయబారులు తమ దేశాల పేర్లు మర్చిపోతారు. జుట్టులోంచి పిన్ను తీసి అతని డొక్కలో ఆనించి, చెవిలో గుసగుసలాడింది.

“గార్నెట్ పంపిన పిచ్చోడివి నువ్వేగా? నోరెత్తావో, విషం దిగుద్ది.”

“పిన్నులు పెట్టెలో వెయ్యరా?”

“జడపిన్నులు ఎవడడుగుతాడోయ్!”

సలహాదారు ప్రూయిట్ గొంతు సవరించుకున్నాడు. “మేడమ్ ప్రెసిడెంట్, మూడు దార్లు. ఒకటి, ఫోన్ చేసి అడగడం. రెండు, పడవ ముంచడం. మూడు, యుద్ధం.”

ఎమ్మెట్ లెక్కపెట్టాడు. మధ్యలో ఉంది ముంచడమే. స్టాఫ్ తమకు నచ్చిందాన్ని మధ్యలో పెడతారు, ప్రెసిడెంట్ మధ్యదాన్నే ఎంచుకుంటుంది. అది ఆ భవనం ఆచారం. ఆవిడ కుక్కపిల్లని కూడా మూడింట్లో మధ్యదాన్నే తెచ్చుకుంది.

పెన్సిల్ ముక్కతో గబగబా చీటీ గీకాడు. ఒడెట్ లాక్కుని చదివింది.

“పూలు పంపడం, సారీ చెప్పడం... ఇదా నీ బ్రహ్మాస్త్రం? పంపుకో నాయనా!”

ముందుకొచ్చిన చీటీ ఏదైనా తన సొంత ఆలోచనేనన్నట్టు చదివెయ్యడం ప్రూయిట్‌కి అలవాటు.

“ఇంకా మెత్తని దార్లు కూడా ఆలోచించాను మేడమ్. పూలు పంపడం, సారీ చెప్పడం. ఆ తర్వాతే ఫోన్, ముంచడం, యుద్ధం.”

“అయిదా?”

ప్రెసిడెంట్ వేలు గాల్లో తచ్చాడింది. ఒడెట్‌కి అప్పుడు వెలిగింది. పిన్ను చొక్కా దాటి చర్మాన్ని తాకింది.

“ఫోన్,” అంది ప్రెసిడెంట్.

స్పీకర్‌లో కొర్వానియా మంత్రి లబలబలాడాడు. “క్షిపణులేంటండీ! హెర్రింగ్ చేపలు! మీ ఒడెట్ గారికి ఫోటోలు కూడా పంపాం కదా?”

తలలన్నీ గోడవైపు తిరిగాయి. ఒడెట్ పిన్నును బుద్ధిగా జుట్టులో పెట్టుకుని తలుపువైపు చూసింది. ప్రెసిడెంట్ ఇంకా లేవలేదు.

ప్రూయిట్‌కి పతకమిచ్చారు. పూల ఆలోచన కూడా మేడమ్‌కి తెగ నచ్చింది. కొర్వానియా రాయబారి ఇంటికి గుత్తి మోసుకెళ్లింది ఎమ్మెట్టే, వట్టి కాళ్లతో. పెట్టెలోంచి బూట్లు ఎవరో కొట్టేశారు.