రెండో సీసా

1999 సెప్టెంబరు 7. పొద్దున చద్దన్నంలో మాగాయ కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నారు పశువుల డాక్టరు చంద్రరావు గారు. అయిదో ముద్ద ఎత్తేలోగా కబురొచ్చింది.

నిడదవోలు పక్క ఊళ్లో వెంకటరాజు గారి గేదె గుండ్రంగా తిరిగి తిరిగి కూలబడింది. ఏడింటికి దాని రక్తం ఒక సీసాలో తీశారు. పక్కనున్న గేదెకీ ఒళ్లు వెచ్చగా ఉంటే దాని రక్తం రెండో సీసాలో పట్టారు. పది గంటలకు మొదటిది చచ్చిపోయింది.

మర్నాడు రాజమండ్రి ల్యాబ్ రిపోర్టు. చచ్చిన గేదెకి షుగర్ ఆరు. ఉండాల్సింది యాభై.

వెంకటరాజు రోజూ ఇన్సులిన్ వేసుకుంటాడు. ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చిచ్చేది పాలేరు లోవరాజు. గేదె చచ్చే ముందురోజే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఇంకేం కావాలి? పోలీసులు వచ్చేలోపే వెంకటరాజు మనుషులు లోవరాజు కుడిచేతి వేళ్లు విరగ్గొట్టారు.

పాలు పితికే వేళ్లు.

9వ తేదీ సాయంత్రం అయిదున్నర. చంద్రరావు గారు అందర్నీ గేదెల పాకలోకి పిలిపించారు. ఎస్సై సత్యప్రసాద్ లోవరాజుని తెచ్చాడు. దారిలో టీ గ్లాసు తనే పట్టుకుని తాగించాడట.

"రిపోర్టు పూర్తిగా చదివారా ఎస్సై గారూ?"

"చదివాం కదండీ. షుగర్ ఆరు."

"కింద వరస?"

"రెండో గేదె... తొమ్మిది."

"చూశారా! దీనికీ సూది పొడిచాడండి వెధవ!" అన్నాడు వెంకటరాజు.

"తొమ్మిదుంటే నిలబడలేదండి రాజు గారూ. నేను రక్తం తీస్తుంటే ఇది మేత నములుతోంది."



"మరి షుగర్ ఏమైందండీ?" ఎస్సై అడిగాడు.

"సీసాలోనే పోయింది. ఇవాళ దీని చెవి దగ్గర చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూశాను. మెలికలు తిరిగే క్రిములు. జోరీగలు కుట్టి అంటించినవి. మొదటిదాన్ని చంపిందీ ఇవే. ఒక్కో క్రిమిలో సన్నటి సంచులుంటాయి, గ్లైకోజోములంటారు. చక్కెరని విరగ్గొట్టేది వాటిలోనే. గేదె ఒంట్లో ఉన్నా, సీసాలో ఉన్నా, ఆ పని ఆగదు."

"ఆపడానికేం లేదాండీ?"

"ఫ్లోరైడ్ పొడి వేస్తే ఆగును. నా దగ్గర అయిపోయింది. పొడి వెయ్యకుండానే సీసాలు బస్సెక్కించాను. ల్యాబ్‌లో పరీక్ష చేసింది మూడున్నరకి. ఎనిమిదిన్నర గంటలు మేశాయవి."

"అంటే తప్పు..."

"నాదేనండీ."

ఎస్సై లోవరాజు భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంటికెళ్లు."

"ఇంటికే వెళ్లమనండి. ఒంటిచేత్తో ఏం పితుకుతాడు?" అంటూ వెంకటరాజు బయటికి నడిచాడు.

"దీనికి మందుందాండీ?" లోవరాజు అడిగాడు.

చంద్రరావు గారు అతని చేతికట్టు వైపు చూశారు.

"చేతికి కాదండీ. గేదెకి."

"ఇచ్చాను. రెండు రోజులు ఆలస్యంగా. తెల్లారేదాకా ఉండకపోవచ్చు."

గేదె మెడ చాచి చేతికట్టు నాకింది. లోవరాజు నాకనిచ్చాడు. తర్వాత ఎడంచేత్తో దాని ముందు గడ్డి సర్ది, బయటికొచ్చి, గడియ చప్పుడు కాకుండా పాక తలుపు వేశాడు.