అడగని పెళ్లికి కాదన్న పిల్ల

తెల్లారి చాలాసేపయ్యాక భవ్య దుప్పట్లోంచే "అక్కా, కాఫీ" అంది. బంజారాహిల్స్ ఇంట్లో ఆ కేకకు ఇద్దరు పనివాళ్లు పరుగెత్తుకొచ్చేవారు. నాంపల్లిలోని ఈ రెండు గదుల అద్దె వాటాలో పరుగెత్తడానికి చోటూ లేదు, మనుషులూ లేరు. ఉన్నదల్లా అక్క హైందవి. ఆమె అప్పటికే వంట ముగించి డబ్బా సర్దుకుంటోంది.

"కాఫీ పొడి అయిపోయింది. టీ పెట్టాను, తాగు."

"టీ తాగే బతుకైపోయింది మనది," అని భవ్య గోడవైపు తిరిగింది.

ఆ గోడమీదే వాళ్ల నాన్న రాధాకృష్ణమూర్తి గారున్నారు. ఆయన తండ్రి యాభై ఆరులో గుంటూరు నుంచి గుమాస్తాగా వచ్చి ఇదే నాంపల్లిలో దిగాడు. తర్వాత చిన్న హోటల్ పెట్టి పెద్ద ఆస్తి చేశాడు. కొడుకు ఆ ఆస్తిని అపార్టుమెంట్లలో పోశాడు. అపార్టుమెంట్లు కోర్టుకెక్కాయి, ఆయన గోడెక్కాడు. తల్లి చాలా ముందే పోయింది. హైందవికి నిశ్చయమైన సంబంధంవాళ్లు ఆయన దినానికి వచ్చి, సుష్టుగా భోంచేసి, చేతులు కడుక్కున్నాక ఉంగరం వాపసు అడిగి పట్టుకెళ్లారు.

హైందవి ఏడవలేదు. అబిడ్స్‌లో ఒకప్పుడు తాను పరుపుమీద కూర్చుని "ఇంకోటి చూపించండి" అన్న చీరల షాపులోనే సేల్స్‌గర్ల్‌గా చేరింది. భవ్య మాత్రం తన స్థాయికి తగిన ఉద్యోగం తనను వెతుక్కుంటూ వస్తుందని ఎదురుచూస్తోంది. చింత చచ్చినా పులుపు చావలేదంటే ఇదే.

ఆ పులుపంతా ముఖ్యంగా బాలరాజు మీద పడేది. అతను కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు నర్మద కొడుకు. బేగం బజార్లో స్టీలు సామాన్ల దుకాణం. మోటారు చెడితే నీళ్ల బకెట్లు పైకి మోసేవాడు, గ్యాస్ సిలిండర్ ఎత్తిపెట్టేవాడు, ఫ్యూజు వేసేవాడు. ఇదంతా తనమీద ఆశతోనే అని భవ్య నమ్మకం. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆ నమ్మకం ఇంకాస్త బలపడేది. పాపం, అతను నోరు తెరిచి అడిగేరోజు ఎలా కాదనాలో మాటలు కూడా కూర్చిపెట్టుకుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

హైందవి పనికి వెళ్లాక నర్మద మెట్లెక్కి వచ్చింది.

"బిడ్డా, జర అబిడ్స్ దాకా వస్తవా? మా బాలరాజుకు పిల్లను అనుకున్నం. చీర కొనాలె. మంచి చీరలు నీకెరుకైనట్టు నాకెరుకగాదు."

"పిల్ల ఎవరాంటీ?"

"నీకు దెల్వని పిల్ల గాదు. ముందుగాల చీర దొరకనీ, చెప్తా."

భవ్యకు అంతా అర్థమైపోయింది. తనచేతే తన చీర ఎంపిక చేయిస్తున్నారు. ఎంత ఆశో అనుకుని లోపల నవ్వుకుంది. వెళ్లాలి, చీర తీయించాలి, అందరి ముందూ కాదనాలి. ఈ ఇంటికొచ్చాక ఆమె అంత ఉత్సాహంగా తయారైంది ఆ రోజే.

బాలరాజు ఆటో మాట్లాడాడు. నర్మద నేరుగా హైందవి కౌంటర్ దగ్గరికే తీసుకెళ్లింది.

ఆ షాపులో చీర విప్పి చూపిస్తే చాలదు. సేల్స్‌గర్ల్ తన యూనిఫాం మీదే కుచ్చిళ్లు పోసుకుని, కొంగు భుజాన వేసుకుని నిలబడాలి. కొనేవాళ్లు చీరను చూస్తారు. లోపలున్న మనిషిని ఎవరూ చూడరు.

భవ్య పరుపుమీద కాలుమీద కాలేసుకుని కూర్చుంది. చుట్టూ తెలిసినవాళ్లెవరైనా ఉంటారేమోనని, అక్కను ఎరగనట్టే మాట్లాడింది.

"అది కట్టి చూపించండి. కొంగు ఇంకా పైకి. వెనక్కి తిరగండి."

హైందవి ఒక్క క్షణం చెల్లెలి ముఖంలోకి చూసింది. మేనేజరు పక్కనే ఉన్నాడు. "అలాగే మేడం," అని తిరిగింది.

చీర తర్వాత చీర కట్టించింది భవ్య. నర్మద ప్రతిదానికీ తల అడ్డంగా ఊపుతూ, చివరికి వంగపండు రంగు గద్వాల్ దగ్గర ఆగిపోయింది. హైందవి ఆ కొంగును భుజాన వేసుకుని, అలవాటు లేని మురిపెంగా అంచును ఒకసారి వేళ్లతో తడిమింది.

"గిదే. గిది కట్టియ్యున్రి," అంది నర్మద. ఆమె కళ్లు చెమర్చాయి.

భవ్య లేచి నిలబడింది.

"కట్టించకండాంటీ, తర్వాత వాపసు తీసుకోరు. నాలుగు బకెట్ల నీళ్లు మోసినంత మాత్రాన పెళ్లి చేసుకుంటారా ఎవరైనా? మాకు ఆస్తి పోయింది కానీ మతి పోలేదు. గిన్నెలమ్ముకునేవాడికి మా ఇంటి పిల్ల కావాలా? మా డ్రైవరుకు కూడా ఇతనికన్నా మంచి చొక్కాలుండేవి."

పక్క కౌంటర్లలో బేరాలు ఆగిపోయాయి. బాలరాజు తల వంచి తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"నిన్నెవరడిగిన్రు బిడ్డా?" అంది నర్మద మెల్లగా. "నేను చీరను చూస్తలేను. చీర కట్టుకున్న పిల్లను చూస్తున్న. తల్లి లేని పిల్ల, నోరు తెరిచి ఏది నచ్చిందో చెప్పది. మెచ్చిన చీర కండ్లారా చూసి, గది పట్టుకపోయి అడుగుదామనుకున్న. నిన్ను దెచ్చింది అక్క ఇష్టాలు నీకు దెలుస్తయని."

హైందవి ఆ చీరలోనే బిగుసుకుపోయి నిలబడింది.

"మీ ఇంటి పిల్ల గిన్నెలమ్మెటోనికి వద్దంటివి గదా. వద్దులే." నర్మద చేతిసంచి తీసుకుని వెళ్లిపోయింది. బాలరాజు ఒక అడుగు ఆగి, "నేనే అడుగుతనన్న. మా అమ్మ ఇనలే. మీరేమనుకోకున్రి" అని హైందవితో చెప్పి తల్లి వెనక నడిచాడు.

"బేరం పోయిందిగా, చీర మడతపెట్టు," అన్నాడు మేనేజరు.

సాయంత్రం హైందవి ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే భవ్య మొదలుపెట్టింది. తప్పు చేసినవాళ్లకు గొంతు ముందు లేస్తుంది.

"నీకు తెలిసీ నాకు చెప్పలేదు కదూ? వాడు గిన్నెలమ్ముతాడక్కా."

"నువ్వేం అమ్ముతున్నావు?"

భవ్య దిండు ఒళ్లోకి లాక్కుంది.

"నేను రోజంతా నిలబడి తెస్తే తింటున్నావు. ఇవాళ నాచేత మేడం అనిపించుకున్నావు. అదీ పర్వాలేదు. ఇల్లు పోయింది, నాన్న పోయారు, ఆ సంబంధం పోయింది. వాటికి నువ్వు కారణం కాదు. ఇదొక్కటీ నువ్వు పోగొట్టావు."

"నీకిష్టమని ఎప్పుడైనా చెప్పావా?"

"నువ్వు ఎప్పుడైనా అడిగావా?" అని హైందవి వంటగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

భవ్య మంచంమీద కూలబడింది. గిన్నెలు కాదు, చొక్కా కాదు. అతను తనను కోరుకోలేదు, అదీ మంట. అందం, చదువు అన్నీ ఉన్న తనను వదిలి, రోజంతా ఎవరెవరో కొనే చీరలు కట్టుకుని నిలబడే అక్కను చూశాడు. ఆ మాట లోపలే ఒప్పుకోవడానికి ఆమెకు ఏడుపొచ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని కిందికి దిగింది.

నర్మద చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"సారీ ఆంటీ. నా ఉద్దేశం అది కాదు."

"ఉద్దేశం గిద్దేశం నాకు దెల్వదు. ఎందుకన్నవో చెప్పు."

"నన్నే అడుగుతారనుకున్నాను. కాదనడానికి మాటలు కూడా ముందే తయారుచేసుకున్నాను."

"అడగకముందుకేనా?"

"అద్దం ముందు చెప్పుకుని చూసేదాన్ని."

నర్మద చేతిలోని చింతపండు వదిలేసింది. కడుపు పట్టుకుని నవ్వింది, పైట చెంగుతో కళ్లొత్తుకుని మళ్లీ నవ్వింది. "అరే బాలరాజూ, గీడికి రా. గీ పిల్ల ఏమంటుందో ఇను. చెప్పు బిడ్డా, మళ్లొకపారి చెప్పు."

ఆమె వదిలిపెట్టలేదు. భవ్య నేల చూపులు చూస్తూ మళ్లీ చెప్పింది, అద్దంతో సహా. బాలరాజు నవ్వలేదు.

"మీ అక్కకు నేనంటే ఇష్టం లేదా?" అన్నాడు.

"తెలీదు. నేనెప్పుడూ అడగలేదు."

"గయితే పోయి అడుగు," అంది నర్మద, ఇంకా నవ్వుతూనే. "ఔ అంటే రమ్మను. కాదంటే కిరాయిదార్ల లెక్క ఉండున్రి, నాకేం కోపం లేదు."

భవ్య పైకి వచ్చేసరికి వంటగది తలుపు తెరిచి ఉంది. హైందవి స్టవ్ తుడుస్తోంది.

"అక్కా, నీకు బాలరాజంటే ఇష్టమా?"

హైందవి గుడ్డ పక్కన పెట్టింది. నాన్న పోయినప్పుడూ, ఉంగరం తీసినప్పుడూ ఏడవని మనిషి నేలమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇష్టమేనే," అంది ఆ ఏడుపులోనే. భవ్య పక్కన కూర్చుని అక్క భుజంమీద తల ఆనించింది. హైందవి ఆమెను తోసెయ్యలేదు. దగ్గరికీ తీసుకోలేదు.

కాసేపటికి ముఖం కడుక్కుని, జడ సరిచేసుకుని హైందవి కిందికి వెళ్లింది. భవ్యను రమ్మనలేదు.

భవ్య మెట్లమీద చీకట్లో కూర్చుంది. కింద నర్మద గొంతు వినబడుతోంది. "అద్దం ముందట చెప్పుకున్నదట," అంటోంది. ఆ వెంటనే అక్క నవ్వింది. ఆపుకోలేక, ఊపిరాడక, పడీ పడీ నవ్వింది.

తనను చూసి లోకం నవ్వితే భవ్య ఊరుకునే మనిషి కాదు. కానీ ఈసారి కదల్లేదు. చెంపల మీద కన్నీళ్లు తుడుచుకోకుండా, నర్మదాంటీ ఆ కథ ఇంకోసారి చెబితే బాగుండునని అక్కడే కూర్చుంది.