కలలో అరువు గొంతు

యిత్కా ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది. కానీ పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు మీరెవరో తెలియకుండా మిమ్మల్నే మహా మేధావి అని పొగుడుతుంటే, అదీ నోటి నిండా టీ ఉన్నప్పుడు, నవ్వాపుకోవడం ఎవరి తరం?

టీ పోయి పోయి అతని తెల్ల చొక్కా మీద పడింది.

మా చెక్ దేశంలో, ఈ బ్ర్నో ఊళ్ళో, టీ దుకాణాల్లో బూట్లు బయట విప్పి, నేల మీద మెత్తల మీద కూర్చుని, గుసగుసగా మాట్లాడుకోవాలి. గట్టిగా నవ్వితే అందరూ తలతిప్పి చూస్తారు. అందరూ చూశారు.

"అంత నవ్వేం వచ్చిందండీ?" అన్నాడతను చొక్కా తుడుచుకుంటూ.

"సారీ అండీ. మీ మాటలు చెవిన పడ్డాయి."

"చెవిన పడితే నవ్వొస్తుందా?"

"మేధావులు అన్నారు చూడండి, అక్కడ వచ్చింది."

అతని పేరు హినెక్. మైక్రోస్కోపులు తయారుచేసే చోట అద్దాలు పరీక్షించడం అతని ఉద్యోగం. గురువారం సాయంత్రాలు "ఆఖరి రేవు" అనే వీడియో గేమ్ అభిమానులందరినీ ఆ దుకాణంలో పోగేసి, వాళ్ళకు తన సిద్ధాంతం వినిపించడం అతని జీవితం.

గేమ్‌లో కథ ఇదీ. తోవా అనే కెప్టెన్ అంతరిక్షంలో తన ఓడలో ఒంటరిగా మిగిలిపోతుంది. ఆమె నిద్రపోయినప్పుడల్లా మిరేలా అనే ఇంకో ఓడ మనిషి కలలోకి వచ్చి మాట్లాడుతుంది. మిరేలా ఓడ ఎప్పుడో పేలిపోయిందంటారు. ఇంగ్లీషులో ఆడేవాళ్ళు, పాపం పాత స్నేహితురాలు గుర్తొస్తోంది అనుకుని ముందుకెళ్ళిపోతారు. చెక్ భాషలో ఆడేవాళ్ళకే తంటా అంతా. ఎందుకంటే చెక్ మాటల్లో తోవాకీ మిరేలాకీ ఒకటే గొంతు.

ఆ మాటలు కంపెనీ చెప్పించినవి కావు. ఇష్టపడిన గేమ్‌ని అభిమానులే కూర్చుని సొంత భాషలోకి తెచ్చుకోవడం మా దేశంలో పాత అలవాటు. "అలమారా బృందం" అని పేరు పెట్టుకున్నవాళ్ళెవరో ఆ పని చేసి, ఊరికే నెట్‌లో పెట్టేసి మాయమైపోయారు.

"కలలోకి వచ్చేది జ్ఞాపకం కాదండీ, మిరేలాయే. ఇది టెలిపతీ," అన్నాడు హినెక్. కోపం మర్చిపోయి అప్పుడే పాఠం మొదలుపెట్టేశాడు. "మనసు నుంచి మనసుకు వచ్చే మాటకి శబ్దం ఎక్కడిది? అందుకని మిరేలా తోవా గొంతే అరువు తీసుకుంటుంది. ఈ సంగతి గేమ్ తయారుచేసినవాళ్ళకే తట్టలేదు. అలమారా బృందానికి తట్టింది. మేధావులు కాక మరెవరు?"

"మరి అలమారా అని ఎందుకు పెట్టుకున్నారంటారు?"

"మనసులో మూసిపెట్టిన గది అని అర్థం."

యిత్కా ఈసారి టీ మింగేశాకే నవ్వింది. ఆ అలమారా వాళ్ళ అమ్మమ్మది. లోపల చలికోట్లు, నాఫ్తలిన్ వాసన. బయటి చప్పుళ్ళు వినిపించకుండా వాళ్ళన్నయ్య యిత్కాను అందులో కూర్చోబెట్టి, తోవా మాటలు చెప్పమని మైకు చేతికిచ్చాడు. మిరేలా మాటలు చెప్పాల్సిన రాద్కా ఎవరినో ప్రేమించి, చెప్పాపెట్టకుండా ఓస్త్రావా ఊరు వెళ్ళిపోయింది. సరే, ఆవిడ మాటలు కూడా నువ్వే చెప్పెయ్ అన్నాడు అన్నయ్య. తర్వాత మిరేలా మాటల దగ్గర కంప్యూటర్లో ఆమె గొంతుకు కాస్త బరువు పెంచాడు. టెలిపతీ అంతా అంతే.

చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఈలోగా హినెక్, "మీరూ ఆడారా? తోవా చివర్లో రేడియో ఎందుకు ఆపేసిందంటారు?" అని అడిగాడు. ఆమె అభిప్రాయం కోసం నిజంగానే ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే యిత్కాకి రోజంతా కనిపించేది నోరు తెరుచుకుని మాట్లాడలేని జనం. ఆమె ఏమంటుందో వినాలని ఎవరైనా అలా కూర్చుని చాలా రోజులైంది. వచ్చే గురువారం చెబుదాంలే అనుకుంది.

ఆ వచ్చే గురువారం ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు వెళ్ళిందో.

"మీ ఇద్దరికీ ఒక బల్ల విడిగా వేయించమంటారా?" అని హినెక్ స్నేహితుడు దాలిబోర్ వెక్కిరించే దాకా వచ్చింది వ్యవహారం. "మేం మిరేలా గురించి మాట్లాడుకుందామని వచ్చాం. నువ్వేమో ఆవిడ కప్పులో చక్కెర కలుపుతున్నావు."

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ట్రామ్ స్టాపులో ఇద్దరికీ ఒకే గొడుగు. అతని ఎడమ భుజం పూర్తిగా తడిసిపోతోంది. గొడుగు మాత్రం ఆమె వైపే వాలి ఉంది.

"ఇంకా మీరు ఏమిటి, నువ్వు అను," అంది యిత్కా. మా దగ్గర ఆడవాళ్ళు అనుమతిస్తే తప్ప మగవాళ్ళు ఆ మాట అనరు. హినెక్ చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు," అని ఒకసారి పలికి చూసుకున్నాడు. "నువ్వు... ఈ ట్రామ్ వదిలేస్తావా?"

వదిలేసింది. దాని వెనకదీ వదిలేసింది. అప్పుడు చెప్పాడు హినెక్, ఎవరికీ చెప్పనిది.

"నాన్న పోయాక కలలోకి వస్తుంటాడు. మాట్లాడతాడు. కానీ గొంతు నాన్నది కాదు, నాది. నాన్న గొంతు మర్చిపోయానేమో అని ఎంత భయపడ్డానో. పొద్దున్నే లేచి పాత వీడియోలు వెతికేవాణ్ణి. తర్వాత ఈ గేమ్ ఆడాను. మర్చిపోలేదని అర్థమైంది. తోవా గొంతుతో మిరేలా మాట్లాడినట్టు, ఆయనే నా గొంతు వాడుకుంటున్నాడు."

ఇతని సిద్ధాంతం కూలిస్తే కూలేది గేమ్ కాదు, నాన్న వస్తున్నాడన్న ధైర్యం అనిపించింది యిత్కాకి. ఆ రోజూ చెప్పలేకపోయింది.

తర్వాత సిటీ లైబ్రరీ వాళ్ళు అతన్ని శనివారం ఉపన్యాసానికి పిలిచారు. ముందు రోజు పార్కు బెంచీ మీద ఆమెకు ఒకసారి వినిపించాడు. చివరి మాటలు వాళ్ళ నాన్న గురించే.

"ఇది కూడా చెబుతావా? అంతమంది ముందు?"

"చెబుతాను. నాలాగా భయపడుతున్నవాళ్ళు ఇంకా ఉండరా?"

ఇక దాచడం మోసమే. తను ప్రేమించినవాడు తన మూలంగా అబద్ధం మీద నిలబడి, అంతమందికీ గుండె విప్పి చూపించబోతున్నాడు. యిత్కా కళ్ళు మూసుకుంది. గొంతు తగ్గించి, బరువుగా, "తోవా, నిద్రపోయావా? నేనింకా ఇక్కడే ఉన్నాను," అంది.

హినెక్ చేతిలో కాగితాలు కదలడం మానేశాయి.

ఆమె అంతా చెప్పింది. అలమారా, కోట్లు, రాద్కా, ఓస్త్రావా.

"అంటే ఇన్నాళ్ళూ నేను చెబుతుంటే లోపల నవ్వుకున్నారన్నమాట."

"మొదటి రోజు నవ్వాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా నవ్వలేదు. చెబితే నీకు మీ నాన్న..."

"చీకటి పడుతోంది. మీరు బయల్దేరండి," అన్నాడతను. "మీరు" అన్న ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

శనివారం వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళి, లైబ్రరీ హాల్లో చివరి వరసలో కూర్చుంది. హినెక్ కాగితాలు లేకుండా వచ్చాడు. కళ్ళు చూస్తే రాత్రి సరిగ్గా పడుకున్నట్టు లేదు.

"నా సిద్ధాంతం తప్పు," అన్నాడు రాగానే. "రెండు పాత్రలకీ ఒకే గొంతు ఎందుకంటే, రెండో అమ్మాయి ఓస్త్రావా వెళ్ళిపోయింది."

హాలంతా గోల. ముందు వరసలో ఉన్న వ్లాస్తా గారు లేచి నిలబడ్డారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, హినెక్ కంటే వీరాభిమాని.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఆ గొంతు మనిషే చెప్పారండీ."

"ఆవిడకేం తెలుసు పాపం? ఆ రెండో అమ్మాయి సరిగ్గా ఆ రోజే ఎందుకు వెళ్ళిపోయిందో ఆవిడ చెప్పగలదా? మిరేలా పంపలేదని గ్యారంటీ ఉందా?"

చప్పట్లు మోగాయి. సిద్ధాంతకర్త వదిలేసినా సిద్ధాంతాన్ని వదిలే ఉద్దేశం ఎవరికీ లేదు. హినెక్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. అప్పుడు కనిపించింది అతనికి చివరి వరస.

"ఆవిడ ఇక్కడే ఉన్నారు. ఒక్కటే అడుగుతాను," అన్నాడు. "మిరేలా మాటలు చెబుతున్నప్పుడు ఎవరితో మాట్లాడుతున్నాననుకున్నారు?"

అందరూ వెనక్కి తిరిగారు. యిత్కా లేచింది.

"మొదట కోట్లతో. తర్వాత... అప్పుడు నేను ఈ ఊరికి కొత్త. ఇంట్లోవాళ్ళు తప్ప పలకరించేవాళ్ళు లేరు. ఎక్కడో ఎవరో ఒకళ్ళు మెలకువగా ఉండి వింటే బాగుండు అనుకుంటూ చెప్పాను. ఎవరూ వినరనే అనుకున్నాను."

"నేను విన్నాను," అన్నాడు హినెక్.

వ్లాస్తా గారు "చెప్పానా" అన్నట్టు అందరికేసీ చూసి కూర్చున్నారు.

బయట సన్నగా చినుకులు. ఇద్దరూ లైబ్రరీ మెట్ల మీద నిలబడ్డారు. అడగాలంటే భయంగానే ఉంది, కానీ అడగకుండా ఇంటికి వెళ్ళలేకపోయింది యిత్కా.

"మీ నాన్న... మళ్ళీ వచ్చారా?"

"తెల్లారగట్ల కాస్త కన్ను మూతపడింది. వచ్చాడు."

"గొంతు?"

"నాదే."

"ఏమన్నారు?"

"'భయపడుతూనే నిజం చెప్పింది కదరా, అలాంటి పిల్లని వదులుకుంటావా' అన్నాడు."

యిత్కా అతని ముఖంలోకి చూసింది. "అది ఆయన అన్నారా, నువ్వు అన్నావా?"

"తెలీదు," అన్నాడు హినెక్, ఆమె చెయ్యి పట్టుకుంటూ. "ఇద్దరిదీ ఒకటే మాట."