విప్పకూడని రఫూలు

పెట్టెల్లో మగ్గిపోతున్న పాత పట్టుచీరల్ని కోసి ఖరీదైన కోట్లు, గౌన్లు కుట్టడం మా పని. డిజైన్ మా చెల్లిది, కత్తెర నాది. అది నన్ను ‘కోతలరాణి’ అని పిలుస్తుంది. రెండర్థాలూ నిజమేనట!

పాత పట్టుకి వెలుతురు పడదు. అందుకే పట్టపగలు కూడా కిటికీలకి నల్ల తెరలు దించేసి, బల్ల మీద ఒక్క దీపం పెట్టుకుని పనిచేస్తాం. బయట బస్సుల రొద, లోపల కలరా ఉండల వాసన. అలవాటైపోయింది.

ఆ చీర ఒక పెద్దావిడ తెచ్చింది. నేరేడుపండు రంగు. మనవరాలికి కోటు కుట్టమంది. చీరలో అక్కడక్కడా చిరుగులు, వాటి మీద గోధుమరంగు దారంతో అల్లినట్టు వేసిన రఫూలు.

“రఫూలు మాత్రం విప్పకమ్మా. మా అత్తగారు చెప్పింది. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పిందట.”

“ఎందుకండీ?”

“అడిగితే కదా తెలిసేది! మా అత్తగార్ని అడిగే ధైర్యం ఎవరికుంది?” అని నవ్వేసి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. అంత మంచి పట్టు మీద ఆ మట్టిరంగు దారమేంటి? చిరుగుల్ని దాచకుండా బంగారు దారంతో కుడితే కోటుకి అదే అందం కదా. చెల్లి వద్దంది. “పెద్దావిడ అంతలా చెప్పింది, వదిలెయ్ అక్కా.” నేను వింటేనా! చిరుగులన్నీ సమాన దూరంలో ఉన్నాయి. మడతపెట్టిన చీరని ఎలుక కొరికితే మడతకొకటి చొప్పున అలాగే వస్తాయి. ఎలుక పనే అనుకున్నాను. నిజానికి ఎలుక కొరికితే అంచులు పీచుపీచుగా ఉండాలి, ఇవి బ్లేడుతో కోసినట్టున్నాయి. చూశాను, పట్టించుకోలేదు. రఫూలన్నీ విప్పేసి దారం ఉండచుట్టి బల్ల మీద పడేశాను. చిరుగులు కోటంతా పరుచుకునేలా ముక్కలు కోసి కోటు కుట్టాను. భుజాన, వీపున, డొక్కలో, ఒకటి సరిగ్గా గుండె మీద.

బంగారు దారం వేసేముందు కొలత చూద్దామని మధ్యాహ్నం భోజనాలయ్యాక చెల్లి కోటు వేసుకుంది.

“ఎలా ఉన్నాను?”

“దిష్టి తీయాలే నీకు,” అన్నాను.

మోకాళ్ళ మీద కూర్చుని కింది అంచుకి గుండుసూదులు పెడుతున్నాను. దీపం మిణుకుమంది. కలరా ఉండల వాసన పోయింది. తడిసిన ఇనుము వాసన... బయట బస్సుల రొద కూడా ఆగిపోయింది.

“అక్కా, మెడ మీద ఊపిరి వదలకు. చక్కిలిగింతలు.”

“నేను నీ కాళ్ళ దగ్గరున్నానే.”

చెల్లి కదల్లేదు. “మరి... వెనక ఎవరు?” అంది గుసగుసగా.

ఎవరూ లేరు. గోడ ఉంది. గోడ మీద దాని నీడ ఉంది. ఆ నీడ చెయ్యెత్తింది... చెల్లి చేతులు కిందకే ఉన్నాయి.

కసుక్కున చప్పుడు. చెల్లి నా మీదకి తూలింది. వీపు మీది చిరుగులోంచి రక్తం చిమ్మి నా మొహాన పడింది. పట్టుకునేలోపే మళ్ళీ. ఈసారి భుజం. కత్తి దిగే చప్పుడు, లాగే చప్పుడు. కత్తి మాత్రం లేదు.

“తియ్యి! కోటు తియ్యక్కా!”

హుక్కులు రాలేదు. కత్తెర వేస్తే పట్టు తెగలేదు, కత్తెరే వంగింది. డొక్కలో ఇంకో పోటు. చెల్లి నోట్లోంచి ఎర్రటి నురగ. దాన్ని కింద పడుకోబెట్టి నా ఒళ్ళుతో కప్పేశాను. నాకేమీ తగల్లేదు... నాలోంచి చల్లగా దూసుకుపోయి దానికే దిగింది.

అప్పుడు తెలిసింది. అది మడతపెట్టిన చీర కాదు, కట్టుకున్న చీర. కుచ్చిళ్ళ మడతలన్నిటినీ చీల్చుకుంటూ ఒకే కత్తి దిగింది. ఎవరినో ఒక్క పోటు పొడిచారు. ఆ ఒక్క పోటునీ నేను నా చెల్లి ఒళ్ళంతా పరిచాను.

ఇంక మిగిలింది గుండె మీది చిరుగు.

బంగారు దారంతో కుట్టాను. పుటుక్కున తెగింది. మళ్ళీ కుట్టాను. తెగింది. బల్ల మీది గోధుమరంగు ఉండ లాక్కున్నాను. సూది రక్తంలో జారిపోతోంది. గుండె దగ్గర పట్టు లోపలికి నొక్కుకుంది, మొన ఆనినట్టు... కుట్టేశాను. చర్మంతో కలిపి కుట్టేశాను. చెల్లి గావుకేక పెట్టింది. “ఓర్చుకో తల్లీ, అయిపోయింది, ఓర్చుకో,” అని ఏడుస్తూనే మిగతావీ కుట్టాను. కంగారులో ముడులన్నీ పైకే వేశాను. ఆఖరి ముడి పడగానే బయట బస్సు హారన్ వినిపించింది.

ఆస్పత్రిలో హుక్కులు వాటంతటవే ఊడాయి. పట్టు చర్మాన్ని వదిలేసింది. దారం మాత్రం చర్మంలోనే ఉండిపోయింది. డాక్టరమ్మ వేలితో తడిమి, “ఇవి ఎప్పటి కుట్లమ్మా? ఏళ్ళ కిందట మానిన గాయాలివి,” అంది.

ఏదైతేనేం, చెల్లి బతికింది. నాకంతే కావాలి. మంచం పక్కన కూర్చుని దాని జుట్టు నిమురుతున్నాను. గుండె మీది కుట్టు కేసి చూశాను. నేను వేసిన ముడి లేదు. దారం కొస మాత్రమే ఉంది. అది కొంచెం కొంచెంగా లోపలికి పోతోంది.

చెల్లి కళ్ళు తెరిచింది.

“అక్కా... మెడ మీద ఊపిరి...”

అది వెల్లకిలా పడుకుని ఉంది. మెడ కింద దిండు తప్ప ఏమీ లేదు. దారం కొసని గోళ్ళతో గట్టిగా పట్టుకుని లాగాను.

అవతల పట్టుకున్నవాళ్ళు కూడా లాగారు.